దేశసేవ నిర్బంధం చేయాలా?



పోయిన వారం మా తొమ్మిదో తరగతిలో సాంఘికం సార్ ఒక చర్చ పెట్టించిండు. చదువు అయిపోయిన ప్రతి యువకుడు, ప్రతి యువతి ఒక సంవత్సరం దేశానికి సేవ చేయాలని చట్టం తేవాలా, వద్దా అని. సగం మంది తేవాలె అన్నరు, సగం మంది వద్దన్నరు. గంట కొట్టేసరికి ఎవరి మాట వాళ్ళదే. తర్వాత నేను లైబ్రరీలో చదివినవి, సార్‌ను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు మన రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం. 23వ ఆర్టికల్ మొదటి భాగంలో మనుషులను అమ్మడం కొనడం, వెట్టిచాకిరి, బలవంతపు పని అన్నీ నిషేధం అని ఉంది. అదే ఆర్టికల్ రెండో భాగంలో ప్రజల అవసరం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ పెట్టవచ్చు అని ఉంది. కానీ మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయరాదు. అంటే పెద్దింటి కొడుకును వదిలేసి కూలోళ్ళ బిడ్డను పిలువరాదన్నమాట. ఇది కాక 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులు వచ్చినయి. పిలుపు వచ్చినప్పుడు దేశాన్ని కాపాడాలి, జాతీయ సేవ చేయాలి అని వాటిలో ఒకటి. కాబట్టి "నిర్బంధం పెడితే రాజ్యాంగానికి విరుద్ధం" అని మన క్లాసులో కొందరు అన్నది సరికాదు. పెట్టవచ్చు. పెట్టాలా అన్నదే ప్రశ్న.

మన దేశంలో ఒకసారి కొంత చేసి చూసిన్రు కూడా. ఎన్.సి.సి. చట్టం 1948లో వచ్చింది. 1962లో చైనాతో యుద్ధం అయినాక, 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టం ఉన్నవాళ్ళకే అన్నారు. అంతకన్నా ముందు 1959లో సి.డి. దేశ్‌ముఖ్ గారి కమిటీ, హైస్కూలు అయిపోయి కాలేజీకి పోయేవాళ్ళు 9 నెలల నుండి ఒక సంవత్సరం దాకా తప్పనిసరిగా జాతీయ సేవ చేయాలని చెప్పింది. (ఈయన మన తెలుగు ఆడబిడ్డ దుర్గాబాయమ్మ భర్త.) తర్వాత కె.జి. సైయిదైన్ గారు వేరే దేశాల పద్ధతులు పరిశీలించి, ఇష్టపూర్వకంగా ఉంటేనే మంచిదన్నారు. చివరికి గాంధీజీ శతజయంతి ఏడు 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్.ఎస్.ఎస్. మొదలైంది. చేరినవాళ్ళు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. కానీ చేరమని ఎవరూ బలవంతం చేయరు.

వేరే దేశాల్లో దక్షిణ కొరియాలో మగవాళ్ళు సైన్యంలో ఏడాదిన్నర ఉండాలి. నైజీరియాలో 1973 నుండి డిగ్రీ అయినవాళ్ళు ఒక సంవత్సరం దేశంలో ఇంకో చోటికి పోయి పనిచేయాలి. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే అక్కడ మొదలు పిలిచేది చదువుకున్నవాళ్ళను.

ఇప్పుడు అసలు సంగతి. మన ఏజెన్సీ వాళ్ళకు నిర్బంధం అనేది పుస్తకంలో మాట కాదు. గూడెం కొండల్లో నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళను బలవంతంగా పట్టుకొచ్చి పని చేయించిండు. కూలి సరిగా ఇవ్వలేదు, అడిగితే కొట్టించిండు. ఒక పక్క అడవి చట్టాలతో పోడు బంద్, ఇంకో పక్క రోడ్డు పని. అందుకే అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా ఎంతోమంది నడిచిన్రు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, తెల్లారి కృష్ణదేవిపేట, ఆ తెల్లారి రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును చంపేసిన్రు. మల్లుదొర మాత్రం బతికి, 1952లో లోక్‌సభకు గెలిచిండు.

ఇక్కడ ఆలోచించండి. రోడ్డు కూడా ప్రజల అవసరమే గదా! బాస్టియన్‌ను అడిగితే అదే చెప్పేవాడేమో. ఇటు నైజాంలో గూడా ఆఫీసర్లు వచ్చినప్పుడు వాళ్ళ సామాన్లు పైసా లేకుండ మోయాలె, దాన్ని వెట్టి అన్నరు. అందుకని పని మంచిదా కాదా అని చూస్తే సరిపోదు. ఎవరు చేయాలె, కూలి ఎంత, కాదంటే ఏమైతది అన్నవి కూడా చూడాలె. 1982లో సుప్రీంకోర్టు, ఢిల్లీలో ఆసియా క్రీడల పనులు చేసిన కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది కూడా బలవంతపు పనే అని తీర్పు చెప్పింది. సేవ అని పేరు పెట్టి ఉత్తగ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఇది చదవాలి.

సేవ వద్దని నేననడం లేదు. మా గుంపుకు రోడ్డు లేదు. మా వదినకు నొప్పులు వచ్చినప్పుడు వానలో మంచం మీద ఎనిమిది మంది వాగు దాటించిన్రు. వాళ్ళకు ఏ చట్టమూ లేదు. ఆ రోజు మిరపకాయ కూలి పోయినా రాలేమనలేదు. పట్నంలో కాలేజీ చదివినవాళ్ళు ఒక సంవత్సరం మా దిక్కు వస్తే నాకు సంతోషమే. కానీ ముందు మా కోయ భాష నేర్చుకొని రావాలి. లేకపోతే మా నాయనమ్మ వాళ్ళకు అన్నం పెట్టి, వాళ్ళు మాట్లాడేది అర్థం కాక ఊకె నవ్వుతది, అంతే.

ఇంకోటి. మన బడంగ్‌పేటకు దగ్గర్లోనే ఆర్.సి.ఐ. ఉంది, మీద నుండి శంషాబాదుకు విమానాలు పోతుంటయి. అవి చూసి మనలో చాలామంది సైన్యంలోకి పోత అంటరు. మా అన్న కూడా రోజూ తెల్లారుజామున ఉరుకుతడు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేండ్లు పనిచేయించుకొని, వందలో 25 మందినే ఉంచుకుంటరు. ఆ నెల 17న సికింద్రాబాదు స్టేషనులో గొడవ, కాల్పులు, ఒక వరంగల్ జిల్లా అన్న చనిపోయిండు. రైళ్ళు తగలబెట్టుడు తప్పే. కానీ వాళ్ళు సేవ చేయం అని రాలేదు, మమ్మల్ని తీసుకోండి అని వచ్చిన్రు. పోతమన్నోళ్ళకే పూర్తిగా చోటు లేనప్పుడు రానన్నోళ్ళను బలవంతంగా ఎందుకు తేవాలె? చర్చలో నేనిది అడిగితే అవతలి జట్టు వాళ్ళు "క్రమశిక్షణ కోసం" అన్నరు. క్రమశిక్షణ మన హాస్టల్లో పొద్దున ఐదు గంటలకే మొదలైతది గదా.

అందుకే నేను "వద్దు" జట్టులోనే ఉన్నాను. కానీ నా బెంచీ పక్కామె అన్న మాటకు నాకింకా జవాబు దొరకలేదు. నార్వేలో 2015 నుండి ఆడపిల్లలకు కూడా సైనిక సేవ నిర్బంధం అని సార్ చెప్పగానే ఆమె లేచింది. "మా ఊర్లో టెన్త్ అయితే చాలు సంబంధాలు చూస్తరు. సర్కారు నుండి కాగితం వచ్చి, ఈ పిల్ల ఒక సంవత్సరం పనికి రావాలె అంటే మా నాయిన కాదనలేడు. నాకు అట్లాంటి కాగితం కావాలె" అన్నది. క్లాసంతా చప్పుడు లేదు. సార్ కూడా చాక్‌పీసు పట్టుకొని కాసేపు ఆగిండు.

ఇంటర్ అక్కలు దీనికి జవాబు రాసిస్తే వచ్చే నెల ఇదే బోర్డు మీద పెడతాము. కాగితాలు మా క్లాస్ లీడర్‌కు ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని