పేరు తెలిస్తే నోరు పెగులుతుంది



మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగినప్పుడు ఎవరి పేరు అడిగి తెలుసుకున్నారు? సర్జన్ గారి పేరు. మత్తుమందు ఇచ్చిన డాక్టర్ గారి పేరు కొందరికి గుర్తుండవచ్చు. పరికరాలు అందించిన నర్సు, రక్తం పరీక్షించిన ల్యాబ్ టెక్నీషియన్ ఎవరో మనకు తెలియదు. అది మన తప్పు కాదు. అయితే ఆపరేషన్ గదిలో నిలబడిన వారికే ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడం కూడా ఉంది. ఆలోచించవలసింది దాని గురించి.

పేరైనా తెలియని పెద్ద డాక్టర్ ఎదుట కొత్తగా చేరిన నర్సుకు నోరు పెగలదు. "సార్, ఈ బాబుకు పెన్సిలిన్ పడదని వాళ్ళమ్మ చెప్పింది" అనే మాట గొంతులోనే ఆగిపోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల జాబితా ఒకటి విడుదల చేసింది. దీనికి నాయకత్వం వహించినవారు అమెరికాలోని సర్జన్ అతుల్ గవాండే. మత్తు ఇవ్వకముందు రోగి ఎవరు, ఏ వైపు ఆపరేషన్, ఏ మందు పడదు అని అడగాలి. కత్తి పెట్టేముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. రోగిని బయటకు పంపేముందు సూదులు, దూది, పరికరాలు లెక్క చూడాలి. సాధారణంగా ఒక నర్సు దీన్ని బిగ్గరగా చదువుతుంది, సర్జన్ జవాబు చెబుతారు. చిన్నవారు అడగడం, పెద్దవారు ఆగి వినడం, ఇందులోని అసలు కిటుకు అదే.

న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దాదాపు 7,700 మంది రోగులపై దీన్ని పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు వెయ్యికి 15 నుండి 8కి తగ్గాయి. ఆపరేషన్ తర్వాతి చిక్కులు నూటికి 11 నుండి 7కి దిగాయి.

అంతా ఆ కాగితం మహిమే అనుకోకండి. కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రులు ఇదే జాబితాను అమలు చేస్తే, చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదని 2014లో తేలింది. గళ్ళలో టిక్కులు పెట్టినంత మాత్రాన మనుషుల మధ్య మాట పుట్టదని నా అభిప్రాయం. ఆ అలవాటు ఉద్యోగంలో చేరాక కాదు, చదువుకునేటప్పుడే రావాలి.

స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 1986 నుండి ఈ దారిలో నడుస్తోంది. 1996లో అక్కడ విద్యార్థుల కోసమే ఒక వార్డు తెరిచారు. మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో కలసి రోగులను చూసుకుంటారు. కాబోయే డాక్టర్ కూడా రోగికి ఒళ్ళు తుడవాలి, పక్క సర్దాలి. నర్సు పని ఎంత కష్టమో పుస్తకం చదివితే తెలియదు గదా!

మన ప్రాంతంలోనూ ఇలాంటి పాఠం ఒకటుంది. 1920లో ఆస్ట్రేలియా నుండి గుంటూరు వచ్చిన మఠకన్య డాక్టర్ మేరీ గ్లోరీ వైద్యం చేస్తూనే స్థానిక స్త్రీలకు కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా తర్ఫీదు ఇచ్చారు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించినదీ ఆమే. ఆ స్త్రీలు పని నేర్చుకున్నది వైద్యం చేస్తున్న డాక్టర్ పక్కనే.

మన విచారణల నుండి ఎందరో ఆడపిల్లలు నర్సింగ్‌లో చేరుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారిని అడగండి: "డాక్టర్ చదువు చదివేవాళ్ళతో కలసి ఎప్పుడైనా క్లాసులో కూర్చున్నావా అమ్మా? సందేహం వస్తే అడగనిస్తారా?" ఇక మీ వారినెవరినైనా ఆపరేషన్‌కు తీసుకువెళితే, పడని మందు పేరు ఒక చీటీ మీద రాసి డాక్టర్‌కూ, నర్సుకూ ఇద్దరికీ చూపించండి.