తొలి ఆర్‌సీ హెలికాప్టర్: ఏది కొనాలి?

జనవరి 14న ఉత్తరాయణ్ వచ్చిందంటే సూరత్ ఆకాశం నిండా గాలిపటాలే. ఆ రోజుల్లో డాబా మీద రిమోట్ హెలికాప్టర్ ఎగరేయకపోవడమే మేలు. మాంజా రోటర్ ఇరుసుకు చుట్టుకుంటే అది రాయిలా పడుతుంది.

మిగతా రోజుల సంగతి? బొమ్మ హెలికాప్టర్లలో చాలావాటికి ఒకదానిపై ఒకటిగా రెండు రోటర్లు ఎదురు దిశల్లో తిరుగుతాయి. వాటి టార్క్‌లు పరస్పరం రద్దవుతాయి కాబట్టి నిలకడ ఎక్కువ. ఒకే రోటర్ ఉంటే అది ఒకవైపు తిరుగుతుంటే బాడీ రెండోవైపు తిరగబోతుంది. తోక రోటర్ దాన్ని ఆపుతుంది. 1939లో నేల వదిలిన సికోర్‌స్కీ వీఎస్-300దీ ఇదే సూత్రం. నమూనాల్లో తోకను క్షణక్షణం సరిదిద్దేది జైరో.

అసలు ఎంపిక రెక్కల కోణం దగ్గరే. ఫిక్స్‌డ్ పిచ్‌లో కోణం మారదు, మోటారు వేగం పెంచితేనే పైకి లేస్తుంది. స్పందన కాస్త నెమ్మదే అయినా విరిగే భాగాలు తక్కువ. కలెక్టివ్ పిచ్‌లో వేగం దాదాపు స్థిరం, కోణమే మారుతుంది, తలకిందులుగానూ ఎగురుతుంది. కొత్తవారి చేతిలో మాత్రం అది మరమ్మతుల ఖర్చే!

పెద్దదైతే గాలికి నిలుస్తుంది, నిజమే. కానీ అదే రెక్క వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగింతలు. వేళ్లకు, కళ్లకు ప్రమాదం. విడిభాగాలు దొరికే చిన్న నాలుగు ఛానళ్ల ఫిక్స్‌డ్ పిచ్ నమూనా చాలు, అదీ మొదట హాల్లోనే. బయట ఎగరేయాలంటే డుమాస్ వైపు విమానాశ్రయం ఉంది. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోవాలి.