ప్రోబ్ కాలిబ్రేషన్: పాస్ అయితే చాలా?

కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్ యంత్రభాగాలను ప్రోబ్‌తో తాకి మైక్రాన్లలో కొలుస్తుంది. ప్రోబ్ కొసన చిన్న రూబీ బంతి ఉంటుంది. మెషీన్‌కు తెలిసేది ఆ బంతి కేంద్రం మాత్రమే. ఉపరితలం ఎక్కడుందో లెక్కకట్టాలంటే బంతి వ్యాసం కూడా కావాలి. అందుకోసం వ్యాసం ముందే తెలిసిన గోళాన్ని పలుచోట్ల తాకిస్తారు. ఇదే కాలిబ్రేషన్.

ఫలితంలో రెండు అంకెలు చూడాలి.

మొదటిది, తాకిన బిందువులు గోళాకారం నుంచి ఎంత పక్కకు పోయాయన్నది. ఇది ఎక్కువైతే బంతినీ గోళాన్నీ శుభ్రంగా తుడవండి, స్టైలస్ వదులైందేమో చూడండి. ఏమీ మార్చకుండా పాస్ అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ రన్ చేయడం మన టెస్టుల్లో ఎంత తప్పో ఇక్కడా అంతే.

రెండోది, లెక్కలో వచ్చిన బంతి వ్యాసం. సిగ్నల్ అందేలోగా మెషీన్ కాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి, ఇది అసలు వ్యాసం కంటే కొన్ని మైక్రాన్లు తగ్గడం మామూలే. ఆ తగ్గుదల వేగాన్ని బట్టి మారుతుంది. కనుక కాలిబ్రేషన్‌కూ కొలతకూ ఒకే వేగం వాడాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. సర్టిఫికెట్‌లో గోళం వ్యాసం 24.990 మి.మీ. ఉండగా 25.000 అని టైపు చేశారనుకోండి. మొదటి అంకె బాగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ పాస్ అంటుంది. కానీ బంతి 10 మైక్రాన్లు చిన్నదిగా నమోదవుతుంది. ఇక షాఫ్టులన్నీ 10 మైక్రాన్లు లావుగా, రంధ్రాలు అంతే చిన్నగా కనిపిస్తాయి. మంచి భాగాలు స్క్రాప్‌కు, పనికిరానివి కస్టమర్‌కు చేరతాయి.

అందుకే చివర్లో కొలత తెలిసిన రింగ్ గేజ్‌ను కొలిచి చూడండి. తనకిచ్చిన ఇన్‌పుట్ తప్పని ప్రోగ్రామ్ తనంతట తాను చెప్పలేదు కదా!