షుగరుకీ పేగుకీ లంకె ఏమిటి?

ప్రశ్న: డాక్టరుగారూ, నా వయసు 52. మెట్‌ఫార్మిన్‌తో పాటు ఈమధ్య సిటాగ్లిప్టిన్ కూడా రాశారు. అది పేగులో పుట్టే హార్మోన్‌ను కాపాడుతుందట. షుగరు క్లోమానికి సంబంధించిన జబ్బు కదా, మధ్యలో పేగుకేం పని? అన్నం పూర్తిగా మానాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోనే. కానీ తిండి వస్తోందని దానికి ముందుగా కబురు పెట్టేది పేగు. గ్లూకోజును నరానికి ఎక్కించినప్పటి కంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ బాగా ఎక్కువ విడుదలవుతుందని 1964లోనే తేల్చారు. ఆ తేడా చాలావరకు పేగు హార్మోన్లదే. వాటిలో జీఎల్‌పీ-1 ముఖ్యమైనది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్‌ను పెంచుతుంది, చక్కెరను పెంచే గ్లూకగాన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది, జీర్ణాశయం నుంచి తిండి కిందికి దిగడాన్ని నెమ్మది చేస్తుంది, కడుపు నిండిందనిపిస్తుంది. ఇన్ని పనులు చేసే ఈ హార్మోన్‌లో సగం రెండు నిమిషాల్లోపే ఒక ఎంజైము చేతిలో విరిగిపోతుంది. మీ మాత్ర ఆపేది ఆ ఎంజైమునే.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు, తినే వరస మార్చండి. మాంసకృత్తులు, పీచు ముందు వెళ్తే పేగు కబురు ముందే అందుతుంది, ఆ తర్వాత తిన్న అన్నానికి చక్కెర అంతగా ఎగబాకదు. మనం అన్నీ అన్నంలో కలిపే తింటాం, చిక్కంతా అక్కడే. కంచంలో అన్నం పెట్టుకోకముందే ఒక కప్పు బీరకాయ కూరో, గట్టి పప్పో, ఉడికించిన గుడ్డో వట్టిగా తినేయండి. పది నిమిషాలాగి అన్నం వడ్డించుకోండి. మారు అన్నం అడగాలని చాలామందికి అనిపించదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్లు మాత్రం అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, లేకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు.

ప్రశ్న: నెయ్యి, వేపుళ్లు మానేశాను. అయినా పరగడుపున ట్రైగ్లిసరైడ్లు 260 వచ్చాయి. ఎందుకు?
- ఒక పాఠకుడు, సిద్దిపేట

సమాధానం: మనం తిన్న కొవ్వును చిన్నపేగు సన్నని రేణువులుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉంటే అవి దాదాపు ఖాళీ అయిపోతాయి. పరగడుపున కనిపించేది ఎక్కువగా మీ కాలేయం తయారుచేసి వదిలిన కొవ్వు. మిగులు పిండిపదార్థం, పంచదార, మద్యం దానికి ముడిసరుకు. రాత్రి తినే అన్నం, టీల్లో పంచదార, మందు అలవాటు ఉంటే అదీ లెక్క చూసుకోండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. ఎప్పుడైనా 500 దాటితే ఆలస్యం చేయొద్దు. క్లోమం వాచే ప్రమాదం అక్కణ్ణుంచి పెరుగుతుంది.