శరణునకు ప్రతిశరణు

భక్తి లింగపూజతోనే ముగియునా, లేక సాటి మానవుని యెడ న్యాయముగా పరిణమించునా? 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు ఈ ప్రశ్నకు ఆచరణచే సమాధాన మొసగెను.

చెప్పులు కుట్టు హరళయ్య దారిలో “శరణు” అనగా, బిజ్జలుని మంత్రియైన బసవేశ్వరుడు “శరణు శరణార్థి” అని రెట్టింపు వినయముతో బదులు పలికెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. అది కేవలము మర్యాద కాదు. భక్తుని దేహమే శివాలయమను విశ్వాసమునకు అది ఫలము.

విశ్వాసము ప్రేమయైనది, ప్రేమ పలకరింపుతో ఆగలేదు. హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగెను. కులాభిమానులు సహింపలేదు. బిజ్జలుని యాజ్ఞచే తండ్రులిరువురును ఘోరశిక్షకు గురియైరి; శరణులు కల్యాణము వీడి చెదరిపోయిరి. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించి, శివభక్తుల కథలను తెలుగువారి ఇంటింటికి చేర్చెను.

నేడు ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల విశాఖకు నానా ప్రాంతముల శ్రామికులు వచ్చుచున్నారు. ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్సు చెంత మూటలు మోయువారు, చెప్పులు కుట్టువారు నిత్యము ఎదురగుదురు. వారిని గౌరవముతో పిలుచుట, బేరమాడక తగిన కూలి నిచ్చుట, ఇంటివారు త్రాగు గ్లాసుతోనే నీరందించుట దాసోహమునకు తొలిమెట్లు.

కడపటి పరీక్ష పెండ్లి మాటల వేళ వచ్చును. అప్పుడు శాఖను, ఉపకులమును విచారించు గృహమున హరళయ్య కథ ఎన్నిమార్లు చదివినను, ఆయన శరణునకు ఇంకను బదులు పలుకనట్లే.