పొగ మానినవారికి కలుగు యావ, నిద్రలేమి – రైతులు పాటింపదగిన పద్ధతులు



చుట్ట గాని, బీడీ గాని, సిగరెట్టు గాని మానవలెనని నిశ్చయించుకొను రైతులు ఐ.పోలవరం ప్రాంతములోను, కోనసీమ అంతటను గలరు. వారిలో పలువురు మొదటి వారము దాటకుండగనే మరల వెలిగించుకొనుచున్నారు. మనసు గట్టిది కాకపోవుటయే ఇందుకు కారణమని ఊరివారు అనుకొందురు. వాస్తవమున పగటి పూట నాలుక పీకుట, రాత్రి పూట నిద్ర పట్టకుండుట అను రెండు బాధలు ఏల కలుగునో, ఎంతకాలముండునో తెలియకపోవుటయే ముఖ్య కారణము. "ఇక జన్మంతా ఇంతే" అని భయపడినవాడు మూడవ రాత్రి అగ్గిపెట్టె వెదకుకొనును. "ఇది కొద్ది దినములలో తీయును" అని తెలిసినవాడు ఓపిక పట్టును.

గోదావరి వరద మనకు క్రొత్త కాదు. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇత్తురు. ఆ అంకెలను బట్టి లంకలలోనివారు గొడ్లను మెరక ప్రదేశమునకు తోలుకొందురు. వరద ఎక్కుట, నిలుచుట, తీయుట అను క్రమమెరిగినవారు ముందుగానే సిద్ధపడుదురు. పొగ మానిన తరువాత కలుగు బాధకును ఇట్టి క్రమమే గలదు.

బాధకు కారణము

పొగాకులోని నికోటిన్ అను పదార్థము మనిషిని తనకు బానిసను చేయును. పొగ లోనికి పీల్చిన కొలది క్షణములలో అది మెదడునకు చేరి హాయి గొలుపును. రక్తములో దాని పాలు సుమారు 2 గంటలకొకమారు సగము చొప్పున తరుగును. తరిగిన కొలది మెదడు మరల కోరును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినందున, అది అందనపుడు చిరాకు, ఆందోళన, అధికమగు ఆకలి, పని మీద మనసు నిలువకుండుట, నిద్రలేమి కలుగును.

గోదావరి లంకలలో పండు లంక పొగాకు చుట్టలకు పేరుపొందినది. చుట్ట కాల్చువారు కొందరు "మేము పొగ లోనికి పీల్చము, నోట పట్టి వదలుదుము, మాకు బానిసత్వము లేదు" అందురు. ఇది సరికాదు. చుట్ట పొగ క్షారగుణము గలదగుటచే అందలి నికోటిన్ నోటి పొరల గుండనే రక్తములోనికి దిగును. కావున చుట్ట మానినవారికిని ఈ బాధలు తప్పవు. మంచుకు తడిసిన పొగాకు ఆకు కోయువారికి చర్మము ద్వారా కూడ నికోటిన్ ఎక్కి వాంతులు, తల త్రిప్పు కలుగును. అట్టి పని చేయువారు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ధరింపవలెను.

ఎన్నాళ్ళుండును?

మానిన మొదటి దినముననే బాధ మొదలగును. రెండవ, మూడవ దినములలో మిక్కిలి హెచ్చుగా నుండును. అటుపై క్రమముగా తగ్గుచు 2 నుండి 4 వారములలో చాలవరకు తీరిపోవును. నిద్ర పూర్తిగా చక్కబడుటకు కొందరికి మరికొన్ని వారములు పట్టవచ్చును. దగ్గు కొంత పెరుగుట, మలబద్ధకము, కలత కలలు కూడ ఈ కాలములో సహజము.

యావ రోజంతయు ఒకే తీరున నుండదు. అలవలె లేచి సాధారణముగా 5 నుండి 10 నిమిషములలో అణగిపోవును. పొగ త్రాగకపోయినను అది పోవును. ఈ ఒక్క సంగతి గుర్తున్నచో సగము బాధ తగ్గినట్లే. నెలల తరువాత కూడ అప్పుడప్పుడు యావ తల ఎత్తవచ్చును గాని, అది మునుపటంత తీవ్రముగా నుండదు.

లాభము మాత్రము వెంటనే ఆరంభమగును. 20 నిమిషములలో గుండె వేగము తగ్గును. ఒకటి రెండు దినములలో రక్తములోని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు తొలగి మామూలు స్థితి వచ్చును. ఏడాది గడచునప్పటికి గుండెజబ్బు ముప్పు పొగ త్రాగువారితో పోల్చిన సుమారు సగమగును.

అదను చూచి మానుట

విత్తునకు అదను ఎట్లో దీనికిని అట్లే. సార్వా ఊడ్పులు, దాళ్వా కోతలు ముమ్మరముగా సాగు వారమును గాని, సంక్రాంతి మూడు దినములను గాని ఎంచుకొనరాదు. వేసవిలో కాలువలు కట్టివేసి పనులు తెరపి ఇచ్చిన కాలము వరి రైతులకు మేలు. రొయ్యల చెరువులున్నవారికి పట్టుబడి ముగిసి చెరువు ఎండగట్టిన దినములు అనుకూలము. దినము నిర్ణయించి ఇంటివారికి, తోటివారికి ముందే చెప్పవలెను. ముందటి రాత్రి ఇంట, మకాములో, మోటారు సైకిలు పెట్టెలో నున్న చుట్టలు, బీడీలు, లైటర్లు తీసి పారవేయవలెను. "ఒకటి దాచుకొందము" అనరాదు.

యావ వచ్చినపుడు చేయవలసినవి

ఉన్నచోటు నుండి లేచి గట్టు వెంబడి 10, 15 నిమిషములు వడిగా నడువవలెను. ఇట్టి నడక యావను తగ్గించునని పరిశోధనలలో తేలినది.

నోటికి పచ్చి కొబ్బరి ముక్క, సోపు, లవంగము వంటివి వేసుకొనవచ్చును. చల్లని నీరు కొంచెము కొంచెముగా త్రాగవచ్చును. బదులుగా ఖైనీ, గుట్కా, పొగాకు కాడ నమలరాదు. అది నికోటినును వేరు దారిని తెచ్చుకొనుటయే. వట్టి వక్క కూడ నోటి క్యాన్సరునకు కారణమగును.

చేతికి పని యుండవలెను. కొబ్బరాకు ఈనెలు తీయుట, పీచు తాడు పేనుట వంటి పనులు మన ఇండ్లలో ఎల్లపుడును గలవు.

టీ కొట్టు బల్ల, రేవు గట్టు, పెండ్లివారి విడిది, కోడిపందెముల బరి మొదలగు చోట్ల తోటివారు కాల్చుచుందురు. మొదటి 2 వారములు అట్టి చోట్లకు దూరముగా నుండవలెను. ఎవరైన "ఒక్క దమ్ము లాగు బాబాయ్" అనినచో "మానేశానబ్బాయ్, నాకివ్వకు" అని చెప్పి కదలిపోవలెను. కారణములు వివరింపబూనినచో వాదన పెరుగును, చేయి చాపుట జరుగును.

నిద్ర పట్టుటకు

మొదట చూచుకొనవలసినది టీ, కాఫీలు. ఈ సంగతి చాలమంది ఎరుగరు. పొగలోని తారు పదార్థములు టీ, కాఫీలలోని కెఫిన్ అను ఉత్తేజక పదార్థమును కాలేయము త్వరగా విరుగగొట్టునట్లు చేయును. పొగ మానిన కొలది దినములకు ఆ వేగము తగ్గిపోవును. అప్పుడు మునుపటివలెనే టీ త్రాగినను రక్తములో కెఫిన్ సుమారు రెట్టింపు నిలువయుండును. గుండె దడ, చేతి వణకు, రాత్రి మెలకువ కలుగును. పొగ లేకనే ఇట్లగుచున్నదని భ్రమపడి మనిషి మరల కాల్చును. కావున మానిన దినము నుండియే టీ, కాఫీలను సగమునకు తగ్గింపవలెను. మధ్యాహ్న భోజనము తరువాత అసలు త్రాగరాదు. బదులు మజ్జిగ గాని, కొబ్బరినీళ్ళు గాని త్రాగవచ్చును.

రాత్రి ఎట్లు గడచినను ప్రొద్దున ఒకే వేళకు లేవవలెను. ఉదయపుటెండలో కొంతసేపు పని చేయవలెను. పగటి కునుకు అరగంట మించరాదు. మూడు గంటల తరువాత పండుకొనరాదు. రాత్రి భోజనము తేలికగా, పెందలకడనే ముగింపవలెను. పడకపై సెల్‌ఫోను చూడరాదు. సుమారు 20 నిమిషములైనను నిద్ర రానిచో లేచి మసక వెలుతురులో కూర్చుండి, కునుకు వచ్చినపుడు మరల పండుకొనవలెను. అర్ధరాత్రి మెలకువ వచ్చి చుట్ట వెలిగించు అలవాటున్నవారు తలవద్ద నీళ్ళ చెంబు మాత్రమే ఉంచుకొనవలెను. పొగ త్రాగినట్లు కలలు వచ్చుట మామూలే. మాట తప్పితిమని కలత పడనక్కరలేదు.

నిద్ర కొరకు కల్లు, సారా, బ్రాందీ త్రాగరాదు. అవి ముందు మత్తు కలిగించినను తెల్లవారుజామున నిద్రను చెడగొట్టును. పైగా మత్తులో చేయి పొగ వైపు పోవును.

రొయ్యల చెరువుల వద్ద ఏరియేటర్లు చూచుచు రాత్రి కాపలా యుండువారికి ఇది మరింత కష్టము. మెలకువకు బీడీయే ఆధారమని వారనుకొందురు. మొదటి వారము ఇంటివారితో గాని, పొరుగు చెరువు రైతుతో గాని వంతులు వేసికొని కాపలా పంచుకొనవలెను. వంతు వచ్చినపుడు గంటకొకమారు చెరువు చుట్టు తిరుగుట, ముఖము కడుగుకొనుట చేయవలెను. పగలు చీకటి గదిలో నిద్రింపవలెను.

మందులు, వైద్య సలహా

రోజుకు పెక్కు చుట్టలు, బీడీలు కాల్చినవారికిని, నిద్ర లేచిన అరగంటలోపల వెలిగించు అలవాటున్నవారికిని మందు తోడు మేలు. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల దుకాణములలో దొరకును. దానిని చాక్లెట్టువలె నమలరాదు. కారము తగులువరకు మెల్లగా నమిలి, బుగ్గన నొక్కి ఉంచి, కారము తగ్గిన పిదప మరల నమలవలెను. ఇట్లు సుమారు అరగంట ఉంచవలెను. దానికి 15 నిమిషముల ముందు నుండి టీ, కాఫీ, నిమ్మరసము త్రాగరాదు. నికోటిన్ పట్టీ వాడువారికి నిద్ర చెడినచో వైద్యునడిగి పండుకొనునపుడు తీసివేయవచ్చును. వెరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు వైద్యుని చీటీపై మాత్రమే వాడవలెను. మూర్ఛవ్యాధి గలవారు బుప్రోపియాన్ వాడరాదు.

ఉబ్బసమునకు థియోఫిలిన్ వాడువారు, మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారు పొగ మానిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మోతాదు మార్చవలసి రావచ్చును.

నిద్ర చాలని దినములలో కొబ్బరిచెట్టు ఎక్కుట, రాత్రివేళ ట్రాక్టరు నడుపుట, పురుగుమందు చల్లుట మానవలెను. తల తిరిగినచో ప్రాణాపాయము.

పొగాకు మానుటకు సలహా ఇచ్చు జాతీయ ఉచిత టెలిఫోను నంబరు 1800-11-2356. ఇది 2016లో ప్రారంభమైనది. తెలుగులోను మాట్లాడవచ్చును. దిగులు రెండు వారములు దాటి నిలిచినను, బ్రతుకు మీద విరక్తి కలిగినను ఆలసింపక వైద్యుని చూడవలెను. మానసిక బాధలకు ఉచితముగా సలహా ఇచ్చు 14416 నంబరుకు కూడ ఫోను చేయవచ్చును.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

1. రెండవ, మూడవ దినములు గడ్డువి. అవి దాటిన బాధ తగ్గుముఖము పట్టును.

2. ఒక్కొక్క యావ 5 నుండి 10 నిమిషములు. లేచి నడువవలెను.

3. టీ, కాఫీలను సగము చేయవలెను. మధ్యాహ్నము తరువాత మానవలెను.

4. నిద్రకు మద్యము, యావకు ఖైనీ మందులు కావు.

5. ఒకమారు చేయి జారి ఒక దమ్ము లాగినచో అంతయు పోయినదని పెట్టె కొనరాదు. గట్టుకు గండి పడినపుడు రైతు చేను వదలిపెట్టడు, వెంటనే గండి పూడ్చును. ఎక్కడ, ఎవరితో, ఏవేళ జారితిమో చూచుకొని ఆ వేళకు వేరు పని పెట్టుకొనవలెను. అనేకులు రెండు మూడు ప్రయత్నముల తరువాతనే పూర్తిగా మానగలిగిరి.

పొగ మానిన ఇంట పిల్లలకు పొగ బాధ తప్పును. తాటాకు ఇంటికి, గడ్డివామికి నిప్పు భయము తగ్గును. ఇన్ని లాభముల కొరకు కొన్ని రాత్రుల నిద్ర పోయినను ఓర్చుకొనదగినదే.