గల్లాపెట్టె దగ్గర మొహమాటం వద్దు

సొంతంగా ఏదైనా పెట్టాలనుంది, కానీ పెట్టుబడి లేదు. వ్యాపారం ఊసెత్తగానే ఎక్కువమంది నోట వచ్చే మాట ఇదే. పెట్టుబడి పెద్ద సమస్యే, కాదనను. కానీ పెట్టుబడి చేతికొచ్చాక కూడా ఏడాది తిరక్కుండా షట్టర్ దించేసిన కొట్లు మన వీధిలోనే కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని దెబ్బతీసింది యజమాని మొహమాటం. సరైన ధర చెప్పలేరు. రావాల్సిన బాకీ అడగలేరు. భాగస్వామిని లెక్క చూపించమనలేరు. అప్పు ఎందుకివ్వనన్నారని బ్యాంకులో నిలదీయలేరు. నలుగురిలో మంచి అనిపించుకోవాలని పెరిగినవాళ్లం కాబట్టి డబ్బు మాట ఎత్తడానికి గొంతు పెగలదు. కొత్తగా వ్యాపారంలోకి దిగేవాళ్లు అన్నిటికంటే ముందు వదిలించుకోవాల్సింది ఈ బెరుకునే.

ధరతో మొదలుపెడదాం. ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్ముదామనుకున్న ఒకావిడ సంగతి ఊహించండి. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, నువ్వుల నూనె అన్నీ కలిపి కిలోకి 260 రూపాయలు పడిందనుకుందాం. ఆవిడ 400కి అమ్ముతుంది. కిలోకి 140 మిగిలిందని సంబరం. ఇప్పుడు పక్కన కూర్చుని అసలు లెక్క రాయండి. సీసా, మూతకి సీలు, లేబుల్ కలిపి 35. అట్టపెట్టె, లోపల చుట్టే కాగితం 20. కాయలు కడిగి, తుడిచి, ముక్క లోపలి జీడి తీసి, పొర వలిచిన మనిషి కూలి 60. ఆ పని ఆవిడే చేసుకుంటే ఆ 60 ఆవిడ కూలి, లాభం కాదు. దారిలో పగిలినవీ, నూనె కారి వెనక్కొచ్చినవీ కిలోకి సర్దితే ఇంకో 15. మొత్తం 390. మిగిలింది 10 రూపాయలు. కొరియర్ ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకున్నా ఇంతే. ఫోన్ బిల్లు, రుచి చూడమని పంచిన సీసాలు ఇందులో రాయనేలేదు.

ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి. మీ సరుకుకి మీ లెక్క వేరుగా ఉంటుంది. తప్పు జరిగే చోటు మాత్రం దాదాపు అందరికీ ఒకటే. కంటికి కనిపించే సరుకు ధర రాసుకుంటాం, మన ఒంటి కష్టం రాసుకోం. ఆ లెక్కతో తక్కువ ధర పెట్టాక, పెంచితే ఏమనుకుంటారోనని ఆగిపోతాం. అందుకే మొదటి సీసా అమ్మకముందే ధర తేల్చుకోవాలి. తర్వాత పెంచడం కంటే మొదటే సరిగా చెప్పడం చాలా తేలిక.

చుట్టాల సంగతి వేరే చెప్పాలి. "మనవాళ్ల దగ్గర కూడా డబ్బులేనా?" అని వదిన నవ్వుతూ అన్నప్పుడు నోరు పడిపోతుంది. జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "వదినా, పండక్కి ఇంటికి రండి, కడుపునిండా పెడతాను. ఇది మాత్రం వ్యాపారం, మీకూ ఇదే రేటు." నవ్వుతూనే చెప్పొచ్చు. ఈ మాటకి తెగిపోయే చుట్టరికం ఉండదు. ఉచితంగా ఇచ్చి, లోలోపల బాధపడి, చివరికి వాళ్ల ఫోనెత్తడం మానేస్తేనే తెగుతుంది.

ఇక అరువు. సరుకు వేసి రమ్మంటారు, అమ్ముడయ్యాక ఇస్తామంటారు. పెద్ద కొట్లో మన సరుకు పెట్టుకున్నారన్న ఆనందంలో తేదీ అడగం. నెలాఖరుకి చూస్తే కాగితం మీద లాభం కనిపిస్తుంది, చేతిలో రూపాయి ఉండదు, మళ్లీ సరుకు కొనడానికి అప్పు చేయాలి. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 36 శాతం. చిన్న వ్యాపారంలో అంత మిగలడమే కష్టం. మీ కష్టమంతా వడ్డీ వ్యాపారి ఇంటికి చేరుతుంది.

ఈ విషయంలో చట్టం మీ పక్షాన ఉందని చాలామందికి తెలియదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో తీసుకున్నవాళ్లు రాసుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఇదంతా వర్తించాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. సరుకు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే చేయించుకోండి. 2020 జులై 1న మొదలైన ఈ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్ ఉంటే చాలావరకు పని అయిపోతుంది. డబ్బు కట్టమన్నారంటే మీరు వేరే ఎవరి సైట్‌లోకో వెళ్లారన్నమాట. ఒక్క షరతు గుర్తుంచుకోండి. ఈ బాకీల రక్షణ తయారుచేసేవాళ్లకీ, సేవలందించేవాళ్లకీ మాత్రమే. కొని అమ్మేవాళ్లకి వర్తించదు.

ఫిర్యాదు దాకా వెళ్లే అవసరం చాలాసార్లు రాదు. గడువు దాటిన మర్నాడే ఫోన్ చేయండి. "అన్నా, 15న ఇస్తానన్నారు, ఇవాళ 16. ఇప్పుడు ఫోన్‌పే చేస్తారా, సాయంత్రం కొట్టుకి రమ్మంటారా?" అంతే. పిల్లల ఫీజులు, ఇంటద్దె కష్టాలు చెప్పుకోనక్కర్లేదు. మీ డబ్బు మీరు అడుగుతున్నారు. నెల ఆగి అడిగితే గొడవ అవుతుంది, మర్నాడే అడిగితే అలవాటు అవుతుంది.

బ్యాంకు దగ్గర కూడా ఈ ధైర్యమే కావాలి. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా అప్పిస్తారు. తరుణ్ అప్పు సరిగా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా అవకాశం ఉంది. పథకం ఉన్నంత మాత్రాన అడిగినవాళ్లందరికీ ఇచ్చేయరు. మేనేజరు చూసేది మీరు తిరిగి కట్టగలరా లేదా అన్నదే. ఆరు నెలలుగా అమ్మకాల డబ్బంతా ఒకే ఖాతాలో పడుతుంటే, కొనబోయే మిక్సర్‌కో కుట్టు మిషన్‌కో కొటేషన్ చేతిలో ఉంటే, పాత క్రెడిట్ కార్డు బాకీ తీరిపోయి ఉంటే మీ మాటకి బలం వస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే ఇంటి డబ్బుకీ వ్యాపారం డబ్బుకీ వేరు వేరు ఖాతాలు పెట్టండి. డ్వాక్రా సంఘంలో ఉన్న అక్కచెల్లెళ్లకి ఇక్కడ ఒక మేలుంది. ఏళ్లుగా పొదుపు చేసి వాయిదాలు కట్టిన రికార్డు వాళ్ల సంఘం పుస్తకాల్లోనే ఉంటుంది. అప్పు కుదరదంటే కారణం అడగండి, వీలైతే రాతపూర్వకంగా. లోటు తెలిస్తే మూడు నెలల్లో సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. కమీషన్ ఇస్తే ముద్రా లోన్ ఇప్పిస్తానన్న మనిషిని గుమ్మంలోంచే పంపించేయండి.

జీఎస్టీ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే బెంగళూరుకో చెన్నైకో పచ్చడి పంపిస్తే మాత్రం ఈ మినహాయింపు పోతుంది. మొదటి పార్సిల్‌కి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోవడం మేలు.

స్నేహితుడితో కలిసి పెడుతున్నారా? వాటాలు, జీతాలు, విడిపోవాలంటే ఎలా అన్నవి స్టాంపు పేపరు మీద రాసుకుని, సంస్థని రిజిస్టర్ చేయించండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టర్ కాని సంస్థలో ఒప్పందం ప్రకారం రావాల్సిన హక్కుల కోసం భాగస్వామి మీద దావా వేయడం దాదాపు కుదరదు. "మన మధ్య కాగితాలెందుకు రా" అనేది వినడానికి ఎంతో బాగుంటుంది. ఆ మాట నమ్మి చిన్ననాటి స్నేహం పోగొట్టుకున్నవాళ్లని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఉద్యోగం మానేయాలా అన్నది చాలామందిని నిద్రపోనివ్వని ప్రశ్న. డాక్టర్ కె. అంజిరెడ్డి జీవితం చూడండి. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన ఆయన ముందు హైదరాబాద్ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశారు. తర్వాత యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థల నిర్మాణంలో భాగమయ్యారు. ఆ అనుభవమంతా గడించాకే 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ మొదలైంది. చదువు ఆపేసి గ్యారేజీలో కంపెనీ పెట్టిన కథలే మన కుర్రాళ్లకి ఎక్కువ వినిపిస్తాయి. ఒకరి దగ్గర జీతానికి పనిచేస్తూ సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరు సకాలంలో డబ్బిస్తారో నేర్చుకున్న సంవత్సరాలు కూడా పెట్టుబడే.

ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. రేపేమవుతుందో తెలియకే వాళ్లు వద్దంటారు. ఎంత పెడుతున్నారో, ఎప్పటిదాకా చూస్తారో అంకెల్లో చెబితే సగం భయం అక్కడే తగ్గుతుంది. మొహమాటం పక్కనపెట్టి నాన్న ఎదురుగా కూర్చోండి. "నాన్నా, నా పొదుపులోంచి మూడు లక్షలు పెడుతున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉంచాను, దాన్ని ముట్టుకోను. వచ్చే సంక్రాంతి దాకా చూస్తాను. అప్పటికీ ఇంటి ఖర్చుకి సరిపడా రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటాను. ప్రతి నెలా ఒకటో తారీకున లెక్క మీకే చూపిస్తాను, మిగతా రోజుల్లో మాత్రం నన్ను పని చేసుకోనివ్వండి."